డిస్క్ ఆపరేషన్: చిన్న కోతా, ఓపెనా, ఎలా తేల్చుకోవాలి

నడుంలో డిస్క్ (వెన్నుపూసల మధ్య మెత్తటి దిండు లాంటిది) జారి నొప్పి కాల్లోకి లాగుతుంటే ఎంఆర్‌ఐలో ఎక్కువమందికి ఎల్4-ఎల్5 లేదా ఎల్5-ఎస్1 (నడుం అడుగున ఉండే పూసల మధ్య చోట్లు) దగ్గర నరం నొక్కుకుందని వస్తుంది, అది చూసి వెంటనే ఆపరేషన్‌కి పరిగెత్తకండి, చాలామందికి మందులు, ఫిజియోథెరపీతో 6 నుంచి 12 వారాల్లో తగ్గిపోతుంది. కానీ యూరిన్ ఆగిపోయినా, తెలీకుండానే యూరిన్ కారిపోయినా, కూర్చునే చోట తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి.

సరే, ఆపరేషనే అన్నారనుకోండి. ఓపెన్‌లో కోత పెద్దది, కండరాన్ని ఎముక నుంచి పక్కకి లాగి, వెనకున్న ఎముక కొంచెం తీసి, జారిన ముక్క బయటికి తీస్తారు. మైక్రోడిస్కెక్టమీలో పని అదే, కాకపోతే మైక్రోస్కోప్ కింద, అంగుళం అటూఇటూ కోతతో. ఎండోస్కోపీ అయితే సుమారు 8 మిల్లీమీటర్ల గొట్టంలోంచి కెమెరాతో చూస్తూ చేస్తారు, కొందరికి లోకల్ అనస్తీషియాతోనే అయిపోతుంది.

కోత చిన్నదైతే రక్తం తక్కువ పోతుంది, తొందరగా ఇంటికొస్తారు. కానీ ఏడాది రెండేళ్ళు పోయాక చూస్తే కాలు నొప్పి తగ్గడంలో పెద్ద తేడా ఉండదు (ఇది యాడ్స్‌లో చెప్పరు లెండి), డిస్క్ మళ్ళీ జారే రిస్క్ దేంట్లో అయినా ఉంది.

నన్నడిగితే మెషిన్ కన్నా డాక్టర్ చెయ్యి ముఖ్యం. ఈ పద్ధతిలో ఏడాదికి ఎన్ని చేస్తారు, మధ్యలో ఓపెన్‌కి మారాల్సొస్తే ఏంటి, ఆరోగ్యశ్రీలోనో ఇన్సూరెన్స్‌లోనో ఏది కవర్ అవుతుంది, ఇవన్నీ ముందే అడగండి. మామూలు డిస్క్ జారుడుకే స్క్రూలు, రాడ్లు వెయ్యాలంటే మాత్రం ఎందుకో గట్టిగా అడిగి, సెకండ్ ఒపీనియన్ తీసుకున్నాకే సంతకం పెట్టండి.