కంప్యూటర్ రిపేరు మనమే నేర్చుకుందాం - 7వ పాఠం: కార్డు మార్చాక కంప్యూటర్ లేవకపోతే

పోయిన పాఠంలో గ్రాఫిక్స్ కార్డు మార్చడం చూశాం. లెక్క ప్రకారం ఈసారి డ్రైవర్లు (విండోస్ చేత కార్డును నడిపించే సాఫ్ట్‌వేర్) రావాలి. కానీ అటు ఇచ్ఛాపురం నుంచి ఇటు బొబ్బిలి దాకా మీరు పంపిన మెసేజీలు చదివాక డ్రైవర్లను పక్కన పెట్టక తప్పలేదు. అందరిదీ ఒకటే మాట: "ఏటి సార్, కార్డు పెట్టాక బూటవ్వట్లేదు."

మాట ఒకటే గానీ జబ్బులు ఒకటి కావు. రాజాం ఆయన బటన్ నొక్కితే ఫ్యాను ఒకసారి కదిలి ఆగిపోతోంది. పలాస కుర్రాడి క్యాబినెట్‌లో అన్ని ఫ్యాన్లూ తిరుగుతున్నాయి, మానిటర్ మాత్రం 'నో సిగ్నల్' అంటోంది. ఇంకొకరికి బయోస్ (విండోస్ కన్నా ముందు లేచే బోర్డు సొంత ప్రోగ్రాం) తెర చక్కగా వచ్చి, ఆ తర్వాత 'బూట్ డివైస్ లేదు' అని ఆగుతోంది. చీపురుపల్లి మాస్టారికి విండోస్ గుర్తు కూడా కనిపించి, అప్పుడు నల్లబడుతోంది. ఈ నలుగురిలో అచ్చంగా బూట్ సమస్య మూడో ఆయనది మాత్రమే. మొదటిది కరెంటు సంగతి. రెండోది చాలాసార్లు కంప్యూటర్ లేచే ఉంటుంది, బొమ్మే బయటికి రాదు. నాలుగోది డ్రైవర్ గొడవ, దాని మాట వచ్చే పాఠంలో.

కాబట్టి స్క్రూడ్రైవర్ పట్టుకునే ముందు మెషీన్ ఎక్కడిదాకా వెళ్లి ఆగిందో చూడండి. ముందు కరెంటు అందాలి, తర్వాత మదర్‌బోర్డు తన భాగాలను పరీక్షించుకోవాలి, తర్వాత బొమ్మ రావాలి, తర్వాత డిస్క్ దొరకాలి, ఆఖరికి విండోస్ లేవాలి. ఆగిన మెట్టు తెలిస్తే సగం పని అయిపోయినట్టే. తెలియకుండా మొదలుపెడితే మంచి భాగాలను కూడా పీకి పెడతారు.

మానిటర్ కేబుల్ బోర్డుకు కాదు, కార్డుకే పెట్టాలన్నది మళ్లీ చెప్పను. విప్పే ముందు గోడ దగ్గర ప్లగ్ తీయడం కూడా అంతే.

ముందు రాజాం ఆయన సంగతి. ఫ్యాను ఒక్కసారి ఉలిక్కిపడి ఆగిందంటే చాలావరకు ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా) షార్ట్‌ను పసిగట్టి తనంతట తాను ఆగిపోయిందని అర్థం. ఫొటో పంపమంటే పంపారు. అనుకున్నదే. ప్రాసెసర్‌కు పెట్టాల్సిన ఎనిమిది పిన్నుల వైరు తెచ్చి కార్డుకు కుక్కారు. ఈ ఒక్క పొరపాటు నన్ను విసిగించినంతగా మరేదీ విసిగించదు, అందుకే దీన్ని వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి.

ఎస్‌ఎంపీఎస్ నుంచి ఎనిమిది పిన్నుల వైర్లు రెండు రకాలు వస్తాయి. ఒకటి ప్రాసెసర్‌ది, నాలుగూ నాలుగుగా విడిపోతుంది. రెండోది గ్రాఫిక్స్ కార్డుది, ఆరూ రెండుగా విడిపోతుంది. కాస్త పెద్ద ఎస్‌ఎంపీఎస్‌లకు ప్రాసెసర్ వైర్లే రెండు ఉంటాయి. ఒకటి బోర్డు పై మూలలో పెట్టాక రెండోది ఖాళీగా వేలాడుతూ ఉంటుంది, చేతికి మొదట దొరికేది అదే. చూడటానికి రెండూ ఒకేలా ఉన్నా లోపల తలకిందులు. ఒకదానిలో 12 వోల్టులు వచ్చే వైపు రెండోదానిలో గ్రౌండ్ ఉంటుంది. అంటే తప్పు వైరు పెడితే 12 వోల్టులను నేరుగా గ్రౌండ్‌కు కలిపినట్టే.

రంగు వైర్లున్న ఎస్‌ఎంపీఎస్ అయితే గుర్తుపట్టడం తేలిక. ప్లగ్గుకు నొక్కే క్లిప్పు ఒకటి ఉంటుంది కదా, ఆ క్లిప్పు వైపు పసుపు వైర్లుంటే అది ప్రాసెసర్‌ది. క్లిప్పు వైపు నల్ల వైర్లుంటే కార్డుది. అన్నీ నల్లగా ఉండే వైర్లయితే ప్లగ్గు మీద అక్షరాలు చదవండి: ప్రాసెసర్‌దైతే సీపీయూ అనో, కార్డుదైతే పీసీఐఈ అనో ఉంటుంది. అక్షరాలూ లేకపోతే విడిపోయే తీరు చూడండి, 4+4నా, 6+2నా అని. ఇంకా అనుమానముంటే పిన్నుల గళ్ల ఆకారం చూడండి. కొన్ని గళ్లు చదరంగా, కొన్ని మూలలు కోసినట్టుగా ఉంటాయి. సరైనది వేలితో నొక్కితే టక్కున కూర్చుంటుంది. బలం పెట్టాల్సి వచ్చిందంటే అది అక్కడ పెట్టాల్సింది కాదు. "కొత్తది కదా, టైటుగా ఉంది సార్" అనేవాళ్లకు నా దగ్గర వేరే జవాబు లేదు.

వైరు సరిచేశాక కూడా ఎస్‌ఎంపీఎస్ వెంటనే పలకకపోవచ్చు. గోడ దగ్గర ఆపి, క్యాబినెట్ బటన్‌ను కాసేపు నొక్కి పట్టుకుని, కొద్ది నిమిషాలాగి పెట్టండి. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు కరెంటు పూర్తిగా తీసేదాకా లాక్ అయిపోయి ఉంటాయి. రాజాం ఆయనది అలాగే లేచింది. అందరికీ అంత అదృష్టం ఉండదు.

దీని అన్నయ్య లాంటి పొరపాటు మరొకటి ఉంది. వైర్లు ఊడదీసి పెట్టుకునే మాడ్యులర్ ఎస్‌ఎంపీఎస్‌లలో, కార్డు వైపు ప్లగ్గు అన్ని కంపెనీలకూ ఒకటే. ఎస్‌ఎంపీఎస్ వైపు ప్లగ్గుకు మాత్రం అందరికీ కలిపి ఒక ప్రమాణం లేదు. ఒకే కంపెనీవి రెండు మోడళ్లయినా తేడా ఉండొచ్చు. స్నేహితుడి దగ్గర మిగిలిన వైరు తెచ్చి పెడితే అది చక్కగా పడుతుంది, పడ్డాక బోర్డో డిస్కో కాలిపోవచ్చు. ఏ డబ్బాలో వచ్చిన వైరు ఆ ఎస్‌ఎంపీఎస్‌కే. పాత డబ్బా పారేయకండి.

కన్వర్టర్ల గురించి: స్లాటు నుంచి కార్డుకు దొరికేది 75 వాట్లు. ఆరు పిన్నుల ప్లగ్గు ఇంకో 75, ఎనిమిది పిన్నులది 150 ఇస్తాయి. హార్డ్ డిస్క్‌కు పెట్టే శాటా పవర్ ప్లగ్గు 12 వోల్టుల మీద మోయగలిగింది 4.5 ఆంపియర్లు, అంటే 54 వాట్లు. ఆ 54 నుంచి 150 లాగే కన్వర్టర్ అంగట్లో అమ్ముతారు. కొనకండి. నా దగ్గర నేర్చుకున్నవాళ్లెవరూ అది కొనకూడదని నా నియమం.

ఎస్‌ఎంపీఎస్ చాలుతుందా అన్న ప్రశ్నకు పైన పెద్దక్షరాల్లో ఉన్న వాట్ల అంకె చూడొద్దు. సంచి మీద 25 కిలోలని అచ్చేసినంత మాత్రాన లోపల అంత బియ్యం ఉండాలనేం లేదు. స్టిక్కర్‌లో 12 వోల్టుల గడి వెతికి, అక్కడున్న ఆంపియర్లను 12తో గుణించండి. 450 అని రాసి, గడిలో 15 ఆంపియర్లే ఉంటే మీ చేతిలో ఉన్నవి 180 వాట్లు. ఆర్‌టీఎక్స్ 3060 ఒక్కటే 170 తాగుతుంది. ఐ5-12400ఎఫ్ ప్రాసెసర్ గట్టిగా పనిచేస్తే 117 దాకా వెళ్తుంది. కార్డు క్షణకాలం లాగే కరెంటు దీనికి అదనం. అందుకే ఎన్విడియా ఆ కార్డుకు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ పెట్టమంటుంది. పాత ఆఫీసు డెస్క్‌టాప్ కొని గేమింగ్‌కు మార్చుకునేవాళ్లకు నా సలహా ఒక్కటే: విడిగా పవర్ ప్లగ్గు లేని 75 వాట్ల కార్డు చూసుకోండి, 1050 టీఐ లాంటిది. 1050 టీఐ, 1650లలో కొన్నింటికి ఆరు పిన్నుల ప్లగ్గు ఉంటుంది, కొనేముందు చూడండి.

ఇక్కడో చిన్న మాట. ఎస్‌ఎంపీఎస్ చాలకపోవడం సాధారణంగా బటన్ నొక్కగానే బయటపడదు. గేమ్ మొదలయ్యాక టప్పున ఆరిపోతుంది. 600 వీఏ యూపీఎస్ మీద నడిపేవాళ్లకూ అంతే, అది మోసేది 360 వాట్ల చుట్టుపక్కలే. పరీక్ష చేసేటప్పుడు యూపీఎస్, ఎక్స్‌టెన్షన్ బాక్స్ తీసేసి నేరుగా గోడకు పెట్టండి.

ఇప్పుడు పలాస కుర్రాడు. ఫ్యాన్లు తిరుగుతాయి, బొమ్మ లేదు. నేనైతే ముందు కార్డు తీసేస్తాను. మానిటర్‌ను బోర్డుకు పెట్టి చూస్తాను. బొమ్మ వస్తే బోర్డు, ర్యామ్, ప్రాసెసర్ బాగున్నట్టే. గొడవ కార్డుదో దాని కరెంటుదో బయోస్‌దో. కానీ ప్రాసెసర్ పేరు చివర ఎఫ్ ఉంటే, లేదా రైజెన్ 5 3600 లాంటిదైతే, లోపల గ్రాఫిక్స్ ఉండవు. బోర్డు పోర్టుకు పెట్టి బొమ్మ రాలేదని ఏడవకండి.

బోర్డు అంచున సీపీయూ, డీర్యామ్ (అంటే ర్యామ్), వీజీఏ (అంటే గ్రాఫిక్స్ కార్డు), బూట్ అని చిన్న దీపాలుంటే మీ అదృష్టం. ఏది వెలిగి ఉండిపోతే అక్కడ ఆగినట్టు. కుర్రాడికి వెలిగింది వీజీఏ కాదు, డీర్యామ్. కార్డును గట్టిగా నొక్కి పెట్టేటప్పుడు బోర్డు వంగి ర్యామ్ ఒక పక్క లేచింది. కార్డు మార్చాక ర్యామ్ పోవడమేంటని ఎవరూ అటు చూడరు. తీసి, బంగారు రంగు అంచును మామూలు రబ్బరుతో తుడిచి, రెండు పక్కలా క్లిప్పులు పడేదాకా నొక్కాలి. బారువ, కళింగపట్నం వైపు ఉప్పు గాలికి ఈ అంచులు త్వరగా మసకబారతాయి. అటువాళ్లు కార్డు అంచును కూడా తుడవండి. దీపాలు లేని పాత బోర్డుల్లో బీప్ వినాలి. ఒక పొడుగు, రెండు పొట్టి బీప్‌లంటే అవార్డ్ బయోస్‌లో డిస్‌ప్లే తప్పు.

డీడీఆర్5 ర్యామ్ ఉన్నవాళ్లు కంగారుపడి ఆపేయకండి. మొదటిసారి లేచేటప్పుడు ర్యామ్‌ను సరిచూసుకోవడానికి కొన్ని నిమిషాలు నల్లగానే ఉండొచ్చు. టీ తాగి రండి.

ఇంకా పాత వీజీఏ మానిటర్లు వాడేవాళ్లు మన వైపు చాలామందే. ఎన్విడియా 10 సిరీస్ నుంచి కార్డుల్లో అనలాగ్ సిగ్నల్ లేదు. పిన్నులు మార్చే ఉత్త ప్లగ్గు పనికిరాదు, లోపల చిప్పు ఉండే హెచ్‌డీఎంఐ టు వీజీఏ కన్వర్టర్ కావాలి.

అన్నీ బాగున్నా బొమ్మ రాకపోతే బయోస్. 2011-12 నాటి హెచ్61 బోర్డుల్లో కొన్ని కొత్త కార్డును చూసి మూగబోతాయి. పాత కార్డు పెట్టి, బోర్డు కంపెనీ ఇచ్చిన బయోస్ అప్‌డేట్ చేసి, అప్పుడు కొత్తది పెట్టాలి. దీనికి తిరగబడ్డది కూడా ఉంది. సీఎస్ఎం (పాత పద్ధతిలో లేవనిచ్చే బయోస్ సెట్టింగు) ఆపి ఉన్న కొత్త బోర్డులో, పరీక్ష కోసమని 2012కు ముందటి కార్డు అరువు తెచ్చి పెడితే బొమ్మ రాకపోవచ్చు. దానికి యూఈఎఫ్ఐ (కొత్త తరం బయోస్) భాష రాదు. దాన్ని చూసి స్లాటు పోయిందని తేల్చేయకండి.

సీఎస్ఎం ఆపమని చెప్పే సలహాలు ఎక్కడ పడితే అక్కడ దొరుకుతాయి. విండోస్ లెగసీ, అంటే పాత పద్ధతిలో ఎక్కి ఉంటే, సీఎస్ఎం ఆపిన వెంటనే బొమ్మ వస్తుంది, విండోస్ పోతుంది. సీఎస్ఎం మళ్లీ పెడితే అదీ వస్తుంది, భయపడొద్దు. శాశ్వతంగా మార్చాలంటే డిస్క్‌ను పాత ఎంబీఆర్ పద్ధతి నుంచి కొత్త జీపీటీకి మార్చే పనిముట్టు విండోస్ 10లో 1703 వెర్షన్ నుంచీ ఉంది. ముందు డేటా కాపీ తీసుకోండి.

బోర్డు మీద గుండ్రటి బ్యాటరీ తీసి పెట్టడం కొందరికి సర్వరోగ నివారిణి. నాకది ఆఖరి పని. బ్యాటరీ తీస్తే డిస్క్ మోడ్, బూట్ వరుస అన్నీ ఫ్యాక్టరీ సెట్టింగులకు పోతాయి. నల్ల తెర పోయి విండోస్ ఎర్రర్ నీలి తెర రావచ్చు. ఇంకా పెద్ద తలనొప్పి బిట్‌లాకర్, అంటే విండోస్ డిస్క్‌కు వేసే తాళం. బయోస్‌లో వేలు పెట్టాక 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది లేనివాళ్ల ఫైళ్లు లోపలే ఉండిపోతాయి. మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో ముందే చూసి కాగితం మీద రాసుకోండి.

మూడో ఆయన 'బూట్ డివైస్ లేదు' సంగతి రెండు ముక్కల్లో తేలింది. పొడుగాటి కార్డు తోక తగిలి శాటా కేబుల్ వదులైంది. నొక్కితే సరిపోయింది.

సాధన: ఈసారి కాస్త కష్టమైనదే ఇస్తున్నాను. బాగా నడుస్తున్న మీ మెషీన్‌ను కావాలని మూడుసార్లు ఆపండి. ప్రతిసారీ గోడ దగ్గర ప్లగ్ తీశాకే లోపల చెయ్యి పెట్టాలి. ఒకసారి ర్యామ్ మొత్తం తీసి, రెండోసారి కార్డుకు పవర్ వైరు తీసి, మూడోసారి విండోస్ ఉన్న డిస్క్ తీసి బటన్ నొక్కండి. ఫ్యాన్లు, దీపాలు, బీప్, తెర మీద అక్షరాలు అన్నీ ఫోన్‌లో వీడియో తీయండి. వైరు తీసినప్పుడు కొన్ని కార్డులు పవర్ కేబుల్ పెట్టమని తెర మీదే అడుగుతాయి, కొన్ని మాట్లాడవు. మీది ఏ రకమో తెలుస్తుంది. తర్వాత అన్నీ పెట్టేసి, విండోస్‌లో రన్ బాక్స్ తెరిచి ఎంఎస్ఇన్ఫో32 (msinfo32) అని కొట్టి, 'బయోస్ మోడ్' వరుసలో లెగసీ ఉందో యూఈఎఫ్ఐ ఉందో చూసి రాసుకోండి. ఆ కాగితం డ్రైవర్ల పాఠంలో చీపురుపల్లి మాస్టారి మెషీన్ విప్పినప్పుడు కావాలి.