ఐటీ రిటర్న్ సబ్మిట్ కొట్టేముందు ఇవి చూస్కోండి

ఫామ్ 16 (జీతం, అందులో కోసిన పన్ను చూపిస్తూ కంపెనీ ఇచ్చే కాగితం) ఒక్కటే పట్టుకుని కూర్చోకండి, ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లోంచి 26ఏఎస్ (మీ పేరున జమైన పన్ను లెక్క), ఏఐఎస్ (మీ ఆదాయాలు, లావాదేవీల చిట్టా) కూడా దింపుకుని పక్కపక్కన పెట్టుకుని చూడండి. ఎక్కువమంది దొరికిపోయేది ఇక్కడే, జీతం కరెక్ట్‌గానే వేస్తారు గానీ ఎఫ్‌డీ వడ్డీ వదిలేస్తారు, బ్యాంకు టీడీఎస్ (ముందే కోసేసే పన్ను) కట్ చేసిందిగా ఇంకేంటి అనుకుంటారు, కానీ బ్యాంకు కోసేది మామూలుగా 10 శాతమే, మీరు 30 శాతం స్లాబ్‌లో ఉంటే మిగతాది మీరే కట్టాలి కదా.

మధ్యలో ఉద్యోగం మారారా? రెండు కంపెనీల ఫామ్ 16లూ కలపండి. స్టాండర్డ్ డిడక్షన్ (పన్ను లెక్కకి ముందే జీతంలోంచి తీసేసే ఫిక్స్‌డ్ మొత్తం) రెండు చోట్లా వేసేసి ఉండొచ్చు, మనకొచ్చేది మాత్రం ఒక్కసారే.

ఏఐఎస్‌లో మీది కాని ఎంట్రీ కనిపిస్తే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఆప్షన్ ఉంది, వాడండి.

చలానా కట్టేటప్పుడు ఏ సంవత్సరానికో, అడ్వాన్స్ ట్యాక్సా (ఏడాది మధ్యలోనే కట్టేది) సెల్ఫ్ అసెస్‌మెంటా (రిటర్న్ వేసేముందు మిగిలింది కట్టేది) అన్నది నిదానంగా చూసి నొక్కండి, తప్పు పడితే డబ్బు పోదు గానీ సరిచేయించుకోడానికి తలప్రాణం తోకకొస్తుంది.

పాన్-ఆధార్ లింకు, రీఫండ్ పడే అకౌంట్‌ని పోర్టల్‌లో వాలిడేట్ చేయడం (మీదేనని ధ్రువీకరించడం), ఇవి ముందే అవ్వాలి.

జీతగాళ్లకి గడువు మామూలుగా జూలై 31, చివరి రోజుదాకా ఆగడం నా దృష్టిలో శుద్ధ దండగ. దాటితే 5000 దాకా లేట్ ఫీజు, బాకీ ఉంటే వడ్డీ వేరే, పైగా పాత రెజీమ్ (మినహాయింపులు ఎక్కువుండే పాత పన్ను పద్ధతి) ఎంచుకునే ఛాన్సూ పోతుంది. సబ్మిట్ చేశాక 30 రోజుల్లో ఈ-వెరిఫై (రిటర్న్ మీదేనని ఆన్‌లైన్‌లో ధ్రువీకరించడం) చెయ్యాలి, అది దాటాక చేస్తే చేసిన రోజే రిటర్న్ వేసినట్టు లెక్క, అసలు చెయ్యకపోతే వేసిన రిటర్న్ లెక్కలోకే రాదు, ఆధార్ ఓటీపీతో అప్పుడే కానిచ్చేయండి.