స్పౌస్ వీసా ఫైలు ఇండియా నుంచి పెడితే ఎక్కడ ఆగుతుంది, ఎలా కదిలించాలి

అమెరికా సిటిజన్‌షిప్ ఉండి, పెళ్ళయ్యాక ఇండియాలోనే కాపురం పెట్టి, ఇక్కడి నుంచే భార్యకో భర్తకో గ్రీన్‌కార్డు కాగితాలు పెట్టుకున్న కేసులు నాదాంతో కలిపి ఆరేడు చూశాను, అన్నీ చుట్టాలవీ స్నేహితులవీ. ఫోను చేసేవాళ్ళ మాట మాత్రం ఎప్పుడూ ఒకటే. "అన్నా, మళ్ళీ తిప్పికొట్టారు, ఇంకో జాయింట్ స్పాన్సర్‌ని వెతకాలేమో, మీ బావగారు సంతకం పెడతారా?" (జాయింట్ స్పాన్సర్ అంటే మన ఆదాయం చాలనప్పుడు మనతోపాటు పూచీగా సంతకం పెట్టే ఇంకో మనిషి.) వీసా ఆఫీసువాళ్ళు పంపిన మెసేజ్ మొత్తం చదివావా అని అడిగితే అటు నుంచి కాసేపు చప్పుడుండదు.

ఐ-130 (భార్య కోసమో భర్త కోసమో పెట్టే మొదటి పిటిషన్) సంగతులు, అకౌంట్ ఎలా తెరవాలి అనేవి ఇక్కడ చెప్పను. పిటిషన్ అప్రూవ్ అయి కేసు నేషనల్ వీసా సెంటర్‌కి, అంటే ఎన్‌వీసీకి వచ్చింది, 325 డాలర్ల వీసా ఫీజూ 120 డాలర్ల అఫిడవిట్ ఫీజూ కట్టారు, డీఎస్-260 అనే ఆన్‌లైన్ వీసా దరఖాస్తు నింపారు, అక్కడ బండి ఆగింది. అక్కడి నుంచి మొదలుపెడదాం.

సమస్య: ఐ-864 ఎన్నిసార్లు పెట్టినా తిరిగొస్తోంది

ఐ-864 అంటే, వచ్చే మనిషి పోషణ నాది అని పిటిషన్ పెట్టిన మనిషి (పిటిషనర్) ఆదాయం చూపించి ఇచ్చే హామీ అఫిడవిట్. ముందు మెసేజ్ చదవండి. కాగితాలు ఎక్కించే సీఈఏసీ పోర్టల్లో ఏ డాక్యుమెంట్ మీద అభ్యంతరం పెట్టారో, అది పిటిషనర్‌దా, జాయింట్ స్పాన్సర్‌దా, వీసా తీసుకునే మనిషిదా చూడండి. ఇది చూడకుండా పాత పీడీఎఫ్‌నే మళ్ళీ ఎక్కించి క్యూ చివరికి వెళ్ళి కూర్చున్నవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు. ఒకాయన అయితే భార్య బర్త్ సర్టిఫికెట్ మీద వచ్చిన అభ్యంతరానికి తన ట్యాక్స్ కాగితాలు రెండుసార్లు పంపాడు.

తర్వాత ఫారం. అన్ని పేజీలూ ఉన్నాయా, చేత్తో సంతకం పెట్టి తేదీ వేశారా, ఇంటి మనుషుల లెక్కలో పిల్లల్ని కలిపారా? ఇవన్నీ పది నిమిషాల పని. జాయింట్ స్పాన్సర్ దొరికినా పిటిషనర్ తన ఐ-864 విడిగా ఇచ్చి తీరాలి, ఆదాయం సున్నా అయినా సరే. "అన్నయ్య పెట్టాడు కదా, నాదెందుకు" అనడానికి లేదు. ఆ అన్నయ్య కూడా 18 నిండి, అమెరికాలో ఉంటున్న సిటిజన్ గానీ గ్రీన్‌కార్డు ఉన్నవాడు గానీ అయి ఉండాలి. హెచ్-1బీ మీద ఉన్న తమ్ముడికి ఎంత జీతం వస్తున్నా పనికిరాడు. ఇది చెప్పినప్పుడు చాలామంది మొహం మాడిపోతుంది, ఎందుకంటే మన ఇళ్ళల్లో అక్కడున్న సగంమంది హెచ్-1బీలోనే ఉంటారు.

సమస్య: ఇక్కడ జీతం బాగానే ఉంది, ఫారంలో మాత్రం ఆదాయం సున్నా

కారణం ఫారం 2555. విదేశంలో సంపాదించినదానికి మినహాయింపు తీసుకుంటే ఆ మొత్తం మైనస్ అంకెగా అమెరికా ట్యాక్స్ రిటర్ను ఫారం 1040లోకి వచ్చి మొత్తం ఆదాయం లైనుని తినేస్తుంది, ఐ-864 అడిగేది సరిగ్గా ఆ లైనునే. దీనికి టెన్షన్ అక్కర్లేదు, 2555 కాపీ, నాలుగు లైన్ల వివరణ జత చేస్తే చాలు.

అయితే వివరణ ఇచ్చినంత మాత్రాన ఆ జీతం లెక్కలోకి రాదు. మీరు అమెరికా వెళ్ళాక కూడా అదే చోటి నుంచి వస్తూ ఉంటేనే దాన్ని చూస్తారు. ఉద్యోగం మానేసి వెళ్తున్నవాళ్ళకి ఇక్కడి పే స్లిప్పులు ఎన్ని పెట్టినా దండగ. కావాల్సింది పేదరిక రేఖకి 125 శాతం. 2025 లెక్కల్లో ఇద్దరున్న ఇంటికి అది 26,437 డాలర్లు (అలాస్కా, హవాయిలకు వేరే అంకెలు), ఏటా మారుతుంది కాబట్టి ఆ అంకెల పట్టిక ఐ-864పీ తీసి చూసుకోండి. ఆదాయం చాలకపోతే ఆస్తులు చూపించొచ్చు. సిటిజన్ తన భార్యకో భర్తకో చేస్తున్నప్పుడు లోటుకి మూడు రెట్లు చూపాలి, అంటే ఆదాయం అస్సలు లేనివాళ్ళు 79,311 డాలర్లు. ఊళ్ళో పొలం పెట్టొచ్చా అని అందరూ అడుగుతారు. ఏడాదిలోపు అమ్మి ఆ డబ్బు అమెరికా తీసుకెళ్ళగలమని చూపగలిగితే పెట్టండి, లేకపోతే బ్యాంకు బ్యాలెన్సే సుఖం.

అసలు ట్యాక్స్ రిటర్నులే వేయనివాళ్ళు ఇంకో రకం. "నేను అక్కడ సంపాదించలేదుగా?" అంటారు. సిటిజన్ ఎక్కడున్నా, పరిమితి దాటి ఎక్కడ సంపాదించినా ఫైల్ చేయాలి. తెలియక మానేసినవాళ్ళ కోసం అమెరికా ట్యాక్స్ శాఖ ఐఆర్‌ఎస్‌లో స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది, 3 ఏళ్ళ రిటర్నులు, 6 ఏళ్ళ ఎఫ్‌బార్‌లు (విదేశీ బ్యాంకు ఖాతాల రిపోర్టులు) వేయాలి. ఇది ముందు పూర్తి చేసుకోండి, కింద చెప్పబోయేదానికి కూడా ఇదే పునాది.

సమస్య: డబ్బు లెక్క సరిపోయింది, జాయింట్ స్పాన్సర్ ఉన్నాడు, అయినా వీసా ఆగింది

నా చేతులు కాలింది ఇక్కడే.

నా కేసులో జాయింట్ స్పాన్సర్ మా బావ. ఆయన ఆదాయం కావాల్సినదానికి నాలుగు రెట్లు. ఎన్‌వీసీలో కేసు దాటింది, డాక్యుమెంటరిలీ క్వాలిఫైడ్ అని మెయిల్ వచ్చింది, ఇంట్లో స్వీట్లు కూడా పంచేశాం. ఇంటర్వ్యూలో మా ఆవిణ్ణి పెళ్ళి గురించి పెద్దగా అడగలేదు. మీ ఆయన ఇప్పుడెక్కడ ఉంటున్నారు, ఎన్నాళ్ళ నుంచి అన్నారు. హైదరాబాద్‌లో, నాలుగేళ్ళ నుంచి అని ఉన్నమాటే చెప్పింది. ఇంకా ఆధారాలు కావాలంటూ వీసా ఆపే 221(జి) కాగితం చేతిలో పెట్టి పంపారు. ఆ రాత్రి నేను చేసిన మొదటి పని ఏమిటంటే, కాగితం సరిగ్గా చదవకుండా ఇంకో జాయింట్ స్పాన్సర్ కోసం బాబాయికి ఫోను చేయడం. అందుకే ఎవరైనా అదే పని చేస్తుంటే నాకు అంత చిరాకు.

కాగితం మీద అడిగింది డబ్బు కాదు, డొమిసైల్. ఐ-864 పెట్టే పిటిషనర్‌కి అమెరికాలో స్థిర నివాసం ఉండాలి, లేదా కనీసం భార్య అక్కడ అడుగుపెట్టే రోజుకి ఏర్పడబోతోందని నమ్మించాలి. అది లేకపోతే చట్టం లెక్కలో అతను స్పాన్సరే కాడు. అసలు స్పాన్సరే లేనప్పుడు జాయింట్ స్పాన్సర్ ఎవరితో జాయింటు? మా బావ ఆదాయం నాలుగు రెట్లు కాదు, నలభై రెట్లున్నా ఫలితం అదే. ఎన్‌వీసీ దాటింది కదా అన్న ధీమా కూడా పనికిరాదు, అక్కడ కాగితాలు ఉన్నాయా లేవా అనే చూస్తారు, అవి చాలతాయా లేదా తేల్చేది ఇంటర్వ్యూ చేసే ఆఫీసరు.

మీ కేసులో ఇదే జబ్బో కాదో తెలుసుకోవడానికి ఐ-864 నాలుగో భాగం తెరిచి కంట్రీ ఆఫ్ డొమిసైల్ అన్నచోట ఏం రాశారో చూడండి. ఇండియా అని రాసి ఊరుకుంటే మీ కేసుని మీరే కాదనుకున్నట్టు. యునైటెడ్ స్టేట్స్ అని రాసి ఒక్క ఆధారం కూడా పెట్టకపోతే, నేను చేసింది అదే, అడిగేదాకా బతుకుతారు. మూడో రకం ఇంకా ప్రమాదం. ఎవరో కన్సల్టెన్సీవాళ్ళు చెప్పారని న్యూజెర్సీలో ఉన్న అన్నయ్య ఇంటిని తాము ఉంటున్న అడ్రస్‌గా రాసేస్తారు, డీఎస్-260లో భార్య మాత్రం ఇద్దరం కొండాపూర్‌లో ఉంటున్నామని రాస్తుంది. ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఏమవుతుందో ఆలోచించండి. అన్నయ్య ఇంటిని ఉత్తరాల అడ్రస్‌గా వాడుకోండి, తప్పులేదు. ఉంటున్న అడ్రస్ మాత్రం నిజంగా ఉంటున్నదే రాయాలి.

బయటపడే దారులు మూడు, మీది ఏదో తేల్చుకుని ఒక్కదాన్నే పట్టుకోండి. అమెరికా ప్రభుత్వం, అమెరికన్ కంపెనీ, గుర్తింపు ఉన్న అమెరికన్ పరిశోధన సంస్థ లాంటివాటి తరఫున విదేశంలో పనిచేస్తుంటే ఆ పోస్టింగ్ లెటరే మీ ఆధారం. అక్కడి కంపెనీకి ఇక్కడున్న ఇండియా బ్రాంచిలో లోకల్‌గా చేరినవాళ్ళు ఇందులోకి వస్తారని తొందరపడి అనుకోవద్దు. రెండోది, కొన్నాళ్ళ కోసమే వచ్చాను, నా ఇల్లు ఎప్పుడూ అదే అనే వాదన. దీనికి ఏళ్ళ తరబడి కాగితం కావాలి: ప్రతి ఏడూ వేసిన ట్యాక్స్ రిటర్నులు, నడుస్తున్న బ్యాంకు ఖాతా, స్టేట్ డ్రైవింగ్ లైసెన్స్, ఇక్కడి నుంచి వేసిన ఓటు, అక్కడున్న ఇల్లు. అమ్మానాన్నల ఆరోగ్యం కోసమో, నిర్ణీత కాలం ప్రాజెక్టు కోసమో వచ్చినవాళ్ళకి ఇది నప్పుతుంది. ఇక్కడ ఫ్లాటు కొనుక్కుని పదేళ్ళుగా ఉంటున్నవాళ్ళు చెబితే ఎవరూ నమ్మరు.

మిగతా అందరిదీ మూడోదే, తిరిగి వెళ్ళి స్థిరపడుతున్నామని చూపించడం. "వెళ్ళాలనుకుంటున్నాను" అని ఉత్తరం రాసి నోటరీ చేయించడం ఇందులోకి రాదు, ఆ స్టాంపుకి విలువ లేదు. జరిగిపోయిన పనులు కావాలి. రెండోసారి నేను పంపిన కట్టలో ఒక పేజీ ఉత్తరం, అందులో తేదీలతో సహా ఎప్పుడు వెళ్తున్నానో, ఎక్కడ దిగుతానో, ఏ పని చేస్తానో రాశాను. దాని వెనక ఆఫర్ లెటర్, కొత్తగా తెరిచిన బ్యాంకు ఖాతా, అందులోకి ఇక్కడి నుంచి పంపిన డబ్బు తాలూకు రసీదు, మా ఇంట్లో ఉంటాడని మా బావ రాసిచ్చిన కాగితం, పిల్లాడి స్కూలు వాళ్ళతో జరిపిన మెయిళ్ళు. ఇవన్నీ అక్కడ కడుతున్నవి. నా లెక్కలో వీటికంటే గట్టిగా పనిచేసేవి ఇక్కడ విప్పుతున్నవి, జనం అవి పెట్టడమే మర్చిపోతారు: ఇక్కడి ఉద్యోగానికి రాజీనామా, అద్దె ఇంటి ఓనరుకి ఇచ్చిన నోటీసు, కారు అమ్మిన కాగితం. ఇవి చూసినవాళ్ళకి మీరు వెళ్తున్నారా లేదా అనే అనుమానం రాదు.

అన్నీ పంపి కూర్చోకుండా నేను ఆరు వారాల ముందే వెళ్ళిపోయాను. అందరూ అంత చేయనక్కర్లేదు, కానీ ఇంటర్వ్యూ రోజుకి పిటిషనర్ అక్కడే ఉంటే సగం వాదన దానంతటదే ఐపోతుంది. ఒకటి మాత్రం తప్పనిసరి: స్పాన్సర్ ముందు వెళ్ళాలి, లేదా ఇద్దరూ కలిసి వెళ్ళాలి. "తను ముందు వెళ్ళి అక్కడ అలవాటు పడుతుంది, నా ప్రాజెక్ట్ అయ్యాక నేనొస్తా" అని ఇంటర్వ్యూలో అమాయకంగా చెప్పిన కేసు ఒకటి చూశాను. అన్ని కాగితాలూ ఉండి ఆ ఒక్క మాటకి ఆగింది.

పిటిషనర్‌ది సిటిజన్‌షిప్ కాకుండా గ్రీన్‌కార్డు అయితే, ఇండియాలో కూర్చుని ఇదంతా చేయాలనుకోకండి. భార్య వీసా సంగతి తర్వాత, ముందు మీ గ్రీన్‌కార్డే పోయే ప్రమాదం ఉంది.

సమస్య: యూఎస్‌సీఐఎస్ ఏదో అడిగిందట, ఉత్తరం మాత్రం అందలేదు

ఇది అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ దగ్గర, పిటిషన్ దశలోనే వచ్చే తంటా. ఇండియా అడ్రస్ ఇస్తే ఉత్తరం ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో చెప్పలేం, అవతల గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. ఆన్‌లైన్లో ఫైల్ చేసి నోటీసులు అకౌంట్లోనే చూసుకోండి. కాగితం మీద పెట్టినవాళ్ళు అక్కడ నమ్మకంగా కవరు విప్పి ఫొటో పంపే మనిషి అడ్రస్ ఉత్తరాల కోసం ఇవ్వండి.

చిల్లర కారణాలు

పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా, టెన్త్ మెమోలో పొడి అక్షరంగా ఉంటే అది మన రాష్ట్రాల్లో మామూలే. రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్ పెట్టి, డీఎస్-260లో ఇతర పేర్ల దగ్గర రాస్తే చాలు. బర్త్ సర్టిఫికెట్ లేనివాళ్ళు మున్సిపాలిటీ నుంచి నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తెచ్చుకుని, దానికి స్కూలు సర్టిఫికెట్, తల్లిదండ్రుల అఫిడవిట్లు కలపండి, ఉత్త అఫిడవిట్లు వద్దు. ఇండియా పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ (పీసీసీ) పాస్‌పోర్ట్ సేవా నుంచి తీసుకోవాలి, లోకల్ స్టేషన్ కాగితం కాదు. 16 ఏళ్ళు దాటాక దుబాయ్‌లోనో సింగపూర్‌లోనో ఏడాదికి పైగా ఉంటే అక్కడిది కూడా కావాలి, అది తెప్పించడానికే ఎక్కువ టైం పడుతుంది కాబట్టి ముందు మొదలుపెట్టండి. అడ్మినిస్ట్రేటివ్ ప్రాసెసింగ్‌లో, అంటే ఇంటర్వ్యూ తర్వాత వాళ్ళు చేసే అదనపు పరిశీలనలో పడితే మీరు చేయగలిగింది ఏమీ లేదు, రోజూ స్టేటస్ చూడటం తప్ప.

పెళ్ళయి రెండేళ్ళు కావస్తుంటే, టికెట్లు కొనేముందు క్యాలెండర్ చూడండి. రెండేళ్ళు నిండకముందే అక్కడ దిగితే కండిషనల్, అంటే షరతుతో కూడిన గ్రీన్‌కార్డు వస్తుంది, తర్వాత ఆ షరతు తీయించుకోవడానికి ఐ-751 అని ఇంకో ఫైలు. వీసా గడువు ఉండగా కొన్ని రోజులు ఆగగలిగితే ఆగండి.

ఎన్‌వీసీలో ఉన్న కేసుని ఏడాది పాటు అస్సలు ముట్టుకోకపోతే మూసేసే అధికారం వాళ్ళకుంది, మధ్యలో ఒకసారి లాగిన్ అయి ఏదో ఒకటి కదిలించండి. 221(జి) వచ్చాక అడిగినవి ఇవ్వడానికి కూడా ఏడాదే గడువు, అది దాటితే మళ్ళీ ఫీజు కట్టి మొదటి నుంచి. మా బాబాయి మాత్రం ఇప్పటికీ అడుగుతూనే ఉంటాడు, ఆ రోజు నా సంతకం ఎందుకు వద్దన్నావురా అని.