న్యూజెర్సీకి మారే ముందు మీ రైఫిల్ స్టాక్ చూసుకోండి

2023 వేసవిలో మేము టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి న్యూజెర్సీలోని ఎడిసన్‌కి ఇల్లు మారాం. పిల్లల స్కూలు, ఇంటి అద్దె, కారు రిజిస్ట్రేషన్ అన్నీ లిస్టు రాసుకున్నాను. అల్మరాలో తాళం వేసి ఉన్న ఏఆర్-15 తరహా రైఫిల్ మాత్రం ఆ లిస్టులో లేదు. అయిదేళ్లుగా నా దగ్గర ఉంది, టెక్సాస్ చట్టం ప్రకారం ఏ లోపమూ లేదు. అదే రైఫిల్‌ని అలాగే డిక్కీలో పెట్టుకుని డెలావేర్ నది దాటి ఉంటే న్యూజెర్సీలో అది రెండో తరగతి నేరం. శిక్ష అయిదు నుంచి పదేళ్లు, అందులో కనీసం 42 నెలలు పెరోల్ లేకుండా లోపల ఉండాలి. తుపాకీ క్లబ్బులో ఒక పెద్దాయన "స్టాక్ ఏం చేస్తున్నావ్?" అని, అంటే రైఫిల్ వెనక భాగం సంగతి, అడగబట్టి నాకు తెలిసింది. అప్పటికి ప్రయాణం ఆరు వారాలే ఉంది. ఆ టెన్షన్ మీకు ఉండకూడదనే ఇదంతా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు వీసా సంగతి. మీరు హెచ్-1బి, ఎల్-1, హెచ్-4, ఎఫ్-1 లాంటి వీసా మీద ఉంటే, వేట లైసెన్స్ లాంటి కొద్దిపాటి మినహాయింపులు వర్తిస్తే తప్ప, తుపాకీ దగ్గర ఉంచుకోవడమే ఫెడరల్ నేరం. సొంతది కానక్కర్లేదు. రేంజిలో అద్దెకు తీసుకుని పట్టుకున్నా అది దగ్గర ఉంచుకోవడమే అవుతుంది. గరిష్ఠ శిక్ష 15 ఏళ్లు. స్నేహితుడు సరదాగా రేంజికి రమ్మన్నాడని వెళ్ళిపోయే మన పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్లకి దయచేసి చెప్పండి. గ్రీన్ కార్డు చేతికి వచ్చినవాళ్లకి ఈ అడ్డు లేదు. కానీ తుపాకీ నేరం రుజువైతే దేశం నుంచి పంపించేయడానికి అదొక్కటే చాలు. పౌరుడికి అది జైలుతో పోయే సంగతి, గ్రీన్ కార్డు మనిషికి ఇల్లూ ఉద్యోగమూ అన్నీ పోతాయి.

ఇప్పుడు స్టాక్. మన పత్రికల్లో తుపాకీ మడమ అని రాస్తారే, భుజానికి ఆనించే ఆ వెనక భాగం. టెక్సాస్‌లో అమ్మే ఏఆర్ రైఫిళ్లలో ఎక్కువ వాటికి ఇది ముందుకీ వెనక్కీ జరుగుతుంది. కింద ఉన్న మీట నొక్కి లాగితే ఆరు చోట్ల ఆగుతుంది. పొట్టివాళ్లకి దగ్గరగా, పొడుగువాళ్లకి దూరంగా పెట్టుకోవడానికి. గుంటూరులో కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీలో .22 రైఫిల్ పట్టుకున్నప్పుడు చెక్క మడమ అందరికీ ఒకటే కొలత. చేతులు పొట్టిగా ఉన్నవాళ్లు మెడ సాచి తంటాలు పడేవాళ్లు. అందుకే జరిగే స్టాక్ అంటే నాకు ఇష్టం. దానివల్ల గుండు వేగం పెరగదు, తుపాకీ బలం పెరగదు, మనిషికి సరిపోతుంది, అంతే. చట్టం చేసినవాళ్లు చూసింది ఇంకో వైపు నుంచి: స్టాక్ లోపలికి తోస్తే తుపాకీ పొట్టిదై దాచుకోవడం తేలిక అవుతుంది. 1994 నాటి ఫెడరల్ నిషేధంలో ఈ మాట ఉంది. ఆ నిషేధం 2004 సెప్టెంబరులో గడువు తీరి పోయింది, మాట మాత్రం రాష్ట్రాల చట్టాల్లో ఉండిపోయింది.

న్యూజెర్సీ లెక్క ఇలా ఉంటుంది. ముందు పేర్ల జాబితా చూడాలి. కోల్ట్ ఏఆర్-15 ఆ జాబితాలో పేరుతో సహా ఉంది. మీది అదే అయితే స్టాక్ మార్చి లాభం లేదు, తీసుకురాకండి. పేరు జాబితాలో లేకపోతే లక్షణాలు లెక్కపెట్టాలి. మ్యాగజైన్ (గుళ్లు నింపే డబ్బా) ఊడదీసి పెట్టుకునే సెమీ ఆటోమేటిక్ (ట్రిగ్గర్ నొక్కినప్పుడల్లా ఒక్కో గుండు పేలే) రైఫిల్‌కి ఈ అయిదింటిలో రెండు ఉంటే నిషిద్ధం: మడిచే లేదా జరిగే స్టాక్, కిందికి పొడుచుకొచ్చే పిస్టల్ గ్రిప్ (పిస్టల్‌కి ఉండేలాంటి పిడి), బయొనెట్ (తుపాకీ ముందు బిగించే కత్తి) తగిలించే కొక్కెం, ఫ్లాష్ సప్రెసర్ (కాల్చినప్పుడు గొట్టం చివర కనిపించే మంటను తగ్గించేది) లేదా దాన్ని బిగించే మర ఉన్న బ్యారెల్, గ్రెనేడ్ లాంచర్. ఏఆర్‌కి పిస్టల్ గ్రిప్ ఎలాగూ ఉంటుంది. అంటే ఒకటి అప్పుడే ఖర్చైపోయింది. స్టాక్ జరిగిందంటే రెండు. అందుకే ఇక్కడ అంతా స్టాక్ దగ్గరే తేలుతుంది.

.22 (చిన్న గుండు రైఫిల్) అయితే ఫరవాలేదనే మాట చాలాసార్లు విన్నాను. న్యూజెర్సీలో అది తప్పు. ఏఆర్ ఆకారంలో వచ్చే .22 రైఫిల్‌కి కూడా ఇదే లెక్క.

నా రైఫిల్‌కి జరిగే స్టాక్, పిస్టల్ గ్రిప్, ఫ్లాష్ సప్రెసర్ మూడూ ఉన్నాయి. గ్రిప్ ఉంచుకుని మిగతా రెండూ తీయించాలి. ఫ్లాష్ సప్రెసర్ తీయించి మజిల్ బ్రేక్ (తుపాకీ వెనక్కి తన్నే జోరు తగ్గించేది) పెట్టించి, పిన్ కొట్టి వెల్డింగ్ చేయించాను. అది గన్‌స్మిత్ పని, ఇంట్లో చేసేది కాదు. ఇక స్టాక్‌కి మూడు దారులున్నాయి. ఒకటి, ఏ2 తరహా స్థిరమైన స్టాక్. దీనికి వెనక ఉండే గొట్టం పొడుగుది కావాలి, లోపలి బఫర్ (ఆ గొట్టంలో ముందుకీ వెనక్కీ ఆడే బరువు), స్ప్రింగు కూడా రైఫిల్ సైజువి మార్చాలి. ఒక్క స్టాక్ కొని తెచ్చుకుంటే సరిపోదు. రెండు, ఉన్న పొట్టి గొట్టం మీదే ఎక్కే స్థిరమైన స్టాక్. మాగ్‌పుల్ వాళ్లది ఎంఓఈ ఫిక్స్‌డ్ అలాంటిదే. కొనే ముందు మీ గొట్టం మిల్-స్పెక్ (సైన్యం ప్రమాణం) కొలతా, కమర్షియల్ కొలతా చూసుకోండి. రెండింటి వ్యాసం కొద్దిగా తేడా, ఒకదానికి చేసింది ఇంకోదానికి సరిగ్గా కూర్చోదు. మూడు, ఉన్న స్టాక్‌నే ఒకచోట శాశ్వతంగా బిగించేయడం.

నేను మొదట మూడోదే ఎంచుకున్నాను, చవక కాబట్టి. ఒక షాపులో ఇస్తే చిన్న స్క్రూ ఒకటి బిగించి, అయిపోయింది అన్నారు. ఇంటికొచ్చి ఎల్-కీతో తిప్పితే అర నిమిషంలో ఊడి వచ్చింది, స్టాక్ ఎప్పటిలాగే జరిగింది. నిజంగా భయం వేసింది. అది చూసుకోకుండా బయల్దేరి ఉంటే నా చేతిలో బిల్లు ఉండేది కానీ రైఫిల్ మాత్రం నిషిద్ధమైనదే. వేరే గన్‌స్మిత్ దగ్గర రంధ్రం వేయించి, రోల్ పిన్ దిగగొట్టించి, పైన ఎపాక్సీ నింపించాను. ఇంట్లో ఉన్న ఏ పనిముట్టుతోనూ కదలకూడదు. నేను పెట్టుకున్న పరీక్ష అదే, మీరూ అలాగే చూసుకోండి. పాత ఫ్లాష్ సప్రెసర్‌నీ, 30 గుళ్ల మ్యాగజైన్లనీ టెక్సాస్‌లోనే అమ్మేశాను. న్యూజెర్సీలో 2018 చట్టం తర్వాత మ్యాగజైన్‌కి 10 గుళ్లే పరిమితి.

బిగించే ముందు ఎక్కడ బిగించాలో తేల్చుకోండి, తర్వాత మార్చలేరు. మ్యాగజైన్ తీసి, బోల్ట్ వెనక్కి లాగి, ఛాంబర్‌లో వేలు పెట్టి ఖాళీ అని చూసుకున్నాకే మొదలుపెట్టండి. మోచేతిని ఎల్ ఆకారంలో వంచి, స్టాక్ చివర మోచేతి మడతలో ఆనించండి. చూపుడు వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కి హాయిగా అందాలి. అందడానికి చెయ్యి సాగదీయాల్సి వస్తే పొడుగైనట్టు. ఇదే కొలత చలికోటు వేసుకుని మళ్లీ చూడండి. టెక్సాస్‌లో టీషర్టు మీద సరిపోయింది న్యూజెర్సీ జనవరిలో మందపాటి జాకెట్ మీద పొడుగైపోతుంది. నేను ఒక గాడి లోపలికి జరిపి బిగించాను. మా ఆవిడ ఎత్తు అయిదడుగులు. ఆమెకి ఏ2 అసలు కుదరదు. ఏ1 కొలత స్టాక్ దానికంటే అంగుళంలో అయిదు ఎనిమిదో వంతులు పొట్టి, స్థిరమైనదే కావాలనుకునే చిన్న మనుషులు దాన్ని చూడాలి. ఇద్దరికీ ఒకే రైఫిల్ అయితే చిన్న మనిషి కొలతకే బిగించండి. పొడుగు మనిషి పొట్టి స్టాక్‌తో సర్దుకోగలడు, ఇటు నుంచి అటు కష్టం.

వేరే రాష్ట్రాలకు మారేవాళ్లు ఈ రెండు లక్షణాల లెక్కనే పట్టుకుని వెళ్లకండి. కాలిఫోర్నియాలో సెంటర్‌ఫైర్ (మామూలు .22 కాకుండా, పెద్ద గుళ్ల) సెమీ ఆటోమేటిక్ రైఫిల్‌కి, మ్యాగజైన్ స్థిరంగా లేకపోతే, జాబితాలో ఒక్క లక్షణం ఉన్నా నిషిద్ధమే. స్టాక్ బిగించినా పిస్టల్ గ్రిప్ దొరికిపోతుంది. మొత్తం పొడవు 30 అంగుళాలకి తగ్గకూడదు, అదీ స్టాక్‌ని లోపలికి తోసి కొలుస్తారు. న్యూయార్క్‌లో 2013 నుంచి ఒక్క లక్షణమే లెక్క. ఇల్లినాయ్ చట్టం 2023 జనవరిలో వచ్చింది, మాటలు ఇంకా విశాలం: పొడవునే కాదు, ఏ కొలతనైనా తగ్గించేలా సర్దుకునే స్టాక్ అందులోకి వస్తుంది. మేరీల్యాండ్ లక్షణాల జాబితాలో ఉన్నది మడిచే స్టాక్ మాత్రమే, జరిగేది కాదు. ఒక్క మాట తేడా ఎంత పని చేస్తుందో చూడండి. సియాటిల్ ఉద్యోగం వచ్చినవాళ్లకి ఇంకో సంగతి: 2023 ఏప్రిల్ చట్టం తర్వాత వాషింగ్టన్ రాష్ట్రంలోకి ఇలాంటి రైఫిల్‌ని కొత్తగా వచ్చేవాళ్లు తెచ్చుకోవడానికే వీల్లేదు. కోర్టుల్లో కేసులు నడుస్తున్నాయి, ఒక్కో తీర్పు వచ్చినప్పుడల్లా వాట్సాప్‌లో నిషేధం పోయిందని మెసేజీలు వస్తాయి. వాటిని నమ్మి ఏదీ మార్చకండి. మారే వారంలో ఆ రాష్ట్ర చట్టం పాఠం చదవండి, అనుమానం ఉంటే తుపాకీ కేసులు చూసే లాయర్‌కి ఒక గంట ఫీజు కట్టండి.

దారిలో రాష్ట్రాలు దాటేటప్పుడు 1986 ఫెడరల్ చట్టం కొంత రక్షణ ఇస్తుంది: బయల్దేరే చోటా చేరే చోటా ఆ రైఫిల్ చట్టబద్ధం అయి ఉండాలి, గుళ్లు తీసి, చేతికందని చోట ఉండాలి. చేరే చోటు అన్న మాట గమనించండి. స్టాక్ పని అక్కడికి వెళ్లాక చేయిద్దాం అనుకుంటే ఆ రక్షణ మీకు లేనట్టే. పని అంతా టెక్సాస్‌లోనే ముగించి, తాళం వేసిన పెట్టెలో డిక్కీలో పెట్టి తెచ్చాను. పెట్టెలో రైఫిల్‌తో పాటు గన్‌స్మిత్ బిల్లు, పిన్ కొట్టినప్పటి ఫొటోలు, వెల్డింగ్ ఫొటో, లక్షణాల నిబంధన ప్రింటు ఒక కవర్లో ఉన్నాయి. ఎడిసన్ వచ్చాక పోలీస్ స్టేషన్ ద్వారా తుపాకీ కొనుగోలుదారు గుర్తింపు కార్డుకి దరఖాస్తు పెట్టి వేలిముద్రలు ఇచ్చాను. రేంజికి వెళ్లినప్పుడు ఇంటి నుంచి నేరుగా అక్కడికి, అక్కడి నుంచి నేరుగా ఇంటికి. ఆ కవరు ఇప్పటికీ పెట్టెలోనే ఉంటుంది.