ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కు ఐరోపాలో ఏ దేశం? శ్రీకాకుళం, విజయనగరం భాషా విద్యార్థులకు ఒక మార్గదర్శిని

ఫ్రెంచి, జర్మన్, స్పానిష్ వంటి భాషలను ప్రధానాంశంగా చదవాలనుకునే శ్రీకాకుళం, విజయనగరం విద్యార్థులు సాధారణంగా హైదరాబాద్‌లోని ఇఫ్లూ (ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం) వంటి విశ్వవిద్యాలయాలకు వెళుతుంటారు. అక్కడ ఒకటి రెండు సంవత్సరాలు గడిచేసరికి ఎక్స్ఛేంజ్ (ఒకటి రెండు సెమిస్టర్లు విదేశీ విశ్వవిద్యాలయంలో చదివి రావడం) ప్రకటన వస్తుంది, దరఖాస్తులో ప్రాధాన్య క్రమంలో విదేశీ విశ్వవిద్యాలయాల పేర్లు రాయమంటారు. ఇంటికి ఫోన్ చేస్తే ‘ఏ దేశం మంచిదట?’ అని అడుగుతారు. దేశం పేరు పట్టుకుని ఆలోచన మొదలుపెడితే పారిస్, బెర్లిన్, బార్సిలోనా తప్ప మరేమీ కనిపించవు. భాష కోసం వెళ్లేవారు ముందు ఊరిని చూడాలి. తాము నేర్చుకుంటున్న భాష తరగతి గదిలోనూ, కిరాణా కొట్టులోనూ, హాస్టల్ వంటగదిలోనూ తప్పనిసరిగా మాట్లాడవలసి వచ్చే ఊరు ఎక్కడుందో తేల్చుకున్నాక, అది ఏ దేశంలో ఉంటే ఆ దేశమే తమకు మంచిది.

అయితే ఊరిని వెతికే ముందు సొంత విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ సంబంధాల కార్యాలయానికి వెళ్లి, ఏయే విశ్వవిద్యాలయాలతో ఒప్పందాలు అమలులో ఉన్నాయో, అవి ఏ విభాగాలకు వర్తిస్తాయో అడిగి తెలుసుకోవాలి. ఇంజినీరింగ్ విభాగం కోసం కుదిరిన ఒప్పందం భాషా విద్యార్థికి అక్కరకు రాకపోవచ్చు. ఒప్పందం ఉన్నచోట మామూలుగా ఇక్కడి ఫీజు ఇక్కడ కట్టుకుంటే సరిపోతుంది, అక్కడ బోధనా రుసుము ఉండదు. ఒప్పందం లేకుండా సొంతంగా వెళ్లదలిస్తే ఖర్చు, కాగితాల పని, క్రెడిట్ల తంటా మూడూ పెరుగుతాయి కనుక డిగ్రీ మధ్యలో ఆ దారి పట్టవద్దనే నా సలహా. ఐరోపాలో 1987లో మొదలైన ఎరాస్మస్ పథకం ఇప్పుడు ఎరాస్మస్ ప్లస్ పేరుతో ఇలాంటి ఒప్పందాల ద్వారా భారతీయ విద్యార్థులకూ అందుతోంది. చదువు కోసం అయితే కనీసం 2 నెలలు, గరిష్ఠంగా 12 నెలలు ఉండవచ్చు. దేశాన్ని బట్టి నెలకు సుమారు 800 నుంచి 900 యూరోల భృతి, ప్రయాణానికి దూరాన్ని బట్టి కొంత సొమ్ము ఇస్తారు. ఈ భృతితో కూడిన స్థానం జాబితాలో ఒక్కటి ఉన్నా, అది పేరు వినని ఊరైనా సరే, దాన్ని తీసి పక్కన పెట్టకుండా మొదట పరిశీలించడం తెలివైన పని.

ఇక భాష సంగతి. ఎక్స్ఛేంజ్ విద్యార్థుల కోసం ఐరోపా విశ్వవిద్యాలయాలు ఇంగ్లీషులో ప్రత్యేక కోర్సులు నడుపుతాయి, ఏమీ అడగకపోతే మనల్ని వాటిలోనే కూర్చోబెడతాయి. అప్పుడు జర్మనీలో ఉంటూ ఇంగ్లీషులో చదివి, ఇంగ్లీషు మాట్లాడే విదేశీ మిత్రులతో తిరిగి, వెళ్లిన స్థాయిలోనే తిరిగి వస్తారు. అందువల్ల ఆతిథ్య విశ్వవిద్యాలయపు కోర్సుల పట్టికను తెరిచి, స్థానిక విద్యార్థులు కూర్చునే సాహిత్య, భాషాశాస్త్ర తరగతుల్లో ఎక్స్ఛేంజ్ విద్యార్థులకు ప్రవేశం ఉందా, అందుకు బీ1 స్థాయి (భాషా సామర్థ్యపు ఐరోపా కొలమానంలో మధ్యస్థాయి) చాలునా, దాని పై మెట్టు బీ2 కావాలా అన్నది వారి సమన్వయకర్తకు ఉత్తరం రాసి కనుక్కోవాలి. ఆ ఉత్తరం ఇంగ్లీషులో కాకుండా వారి భాషలోనే రాస్తే, వచ్చే జవాబు అక్కడి మర్యాదనూ ధోరణినీ కొంత ముందుగానే తెలియజేస్తుంది. మన ప్రాంతపు గిడుగు రామమూర్తి పంతులు సవర భాషను పుస్తకం ముందేసుకుని నేర్చుకోలేదు, అప్పటికి అలాంటి పుస్తకమే లేదు. సవరలతో మాట్లాడి నేర్చుకుని, తరువాత వ్యాకరణమూ నిఘంటువూ తానే రాశారు. ఎక్స్ఛేంజ్ సెమిస్టర్‌కు వెళ్లేది కూడా ఆ పద్ధతి కోసమే.

జర్మన్ చదివేవారికి మూడు దేశాలు ఎదురుగా ఉంటాయి, వాటి మధ్య తేడా పైకి కనిపించేదానికంటే ఎక్కువ. జర్మనీలో ఊళ్లు అనేకం, విశ్వవిద్యాలయాలు అనేకం, డీఏఏడీ వంటి ప్రభుత్వ నిధులతో నడిచే విద్యార్థి వేతన సంస్థ కూడా ఉంది. బెర్లిన్ నడిబొడ్డున కాఫీ అడిగినా ఇంగ్లీషులో బదులు రావడం మామూలే కనుక, లైప్జిగ్, యేనా, గ్యోటింగెన్ వంటి మధ్యస్థాయి విశ్వవిద్యాలయ పట్టణాలకే నా ఓటు. మ్యూనిక్ గొప్ప నగరమే, కానీ అక్కడ గది దొరకడమూ కష్టం, దొరికిన గదికి అద్దె కట్టడమూ కష్టం. ఆస్ట్రియాలోని వియన్నా, గ్రాట్స్ జర్మన్ చదివేవారు తరచూ మరచిపోయే చోట్లు. అక్కడి ప్రామాణిక జర్మన్‌లో పదజాలం, ఉచ్చారణ కొంత వేరుగా ఉన్నా తరగతిలో ఇబ్బంది పెట్టేంత కాదు, పైగా ఆస్ట్రియా సాహిత్యం మీద ప్రాజెక్టు చేయదలిచినవారికి అంతకంటే తగిన చోటు లేదు. స్విట్జర్లాండ్ విషయంలో మాత్రం ఆచితూచి అడుగు వేయాలి. జ్యూరిక్‌లో పాఠం ప్రామాణిక జర్మన్‌లోనే చెబుతారు, కానీ తరగతి ముగిసి వరండాలోకి రాగానే అందరూ స్విస్ జర్మన్‌లోకి మారిపోతారు. జర్మనీ ఉత్తరాది వారికే అది సరిగా అర్థం కాదు, బీ1తో వెళ్లిన మనకు అసలే అర్థం కాదు. ఖర్చు చూస్తే ఐరోపాలోనే అత్యధికం. 2014లో ఎరాస్మస్ నుంచి విడివడి ఆ దేశం సొంత పథకం పెట్టుకుంది కనుక, భృతి సంగతి అక్కడి విశ్వవిద్యాలయాన్ని విడిగా అడగాలి. మాండలికాల మీద పరిశోధన చేయదలిచినవారికైతే స్విట్జర్లాండ్ స్వర్గమే.

ఫ్రెంచివారితో మన ప్రాంతానికి పాత పరిచయమే ఉంది. 1757లో విజయరామరాజుతో కలిసి బొబ్బిలి కోట మీదికి వచ్చింది ఫ్రెంచి సేనాని బుస్సీ సేనే. ఆ పరిచయం వీసాకు పనికిరాదు కానీ, ఫ్రెంచి చదివేవారు ఎంపికలో అదృష్టవంతులు. ఫ్రాన్స్‌లో పారిస్ వెలుపల లియోన్, గ్రెనోబ్ల్, మాంపెలియే, రెన్ వంటి నగరాల్లో విద్యార్థి జీవనం బాగుంటుంది, అద్దెలు పారిస్ కంటే చాలా తక్కువ. క్రూస్ అనే ప్రభుత్వ విద్యార్థి సేవా సంస్థ నడిపే హాస్టల్ గది దొరికితే అదే చౌక. పారిస్‌కే వెళ్లదలిస్తే ఒక్క ఆకర్షణ చెప్పుకోవచ్చు: ప్రాచ్య భాషలకు పేరుపొందిన ఇనాల్కో సంస్థలో తెలుగు బోధన కూడా సాగింది కనుక, తెలుగు నేర్చుకునే ఫ్రెంచివారు తారసపడితే వారికి మన భాష చెబుతూ మనం వారి భాష దిద్దుకోవచ్చు. బెల్జియంను ఎంచుకునేవారు విశ్వవిద్యాలయం ఏ భాషది అన్నది రెండుసార్లు చూసుకోవాలి. 1425లో స్థాపించిన లూవెన్ విశ్వవిద్యాలయం భాషా వివాదం మూలంగా 1968లో రెండుగా చీలింది. డచ్ భాగం లూవెన్‌లోనే ఉండిపోగా, ఫ్రెంచి భాగం కోసం లూవెన్-లా-న్యూవ్ అనే కొత్త పట్టణమే కట్టారు. పేర్లు దగ్గరగా ఉన్నాయని ఒకదానికి బదులు మరొకటి రాస్తే ఫ్రెంచి విద్యార్థి డచ్ ఊళ్లో దిగవలసి వస్తుంది.

స్పానిష్ చదివేవారికి ఇదే జాగ్రత్త మరో రూపంలో అవసరం. ఇచ్ఛాపురం బజారులో తెలుగుతో పాటు ఒడియా వినిపించినట్టే బార్సిలోనాలో స్పానిష్‌తో పాటు కాటలాన్ వినిపిస్తుంది, విశ్వవిద్యాలయంలో పెక్కు కోర్సులు కాటలాన్‌లోనే చెబుతారు. వలెన్సియా, గలీషియా, బాస్క్ ప్రాంతాల్లోనూ స్థానిక భాషలకు అధికార హోదా ఉంది. రెండో భాష కూడా నేర్చుకోవాలన్న ఉత్సాహం ఉంటే ఇది లాభమే, లేకపోతే 1218 నాటి విశ్వవిద్యాలయమున్న సలమాంకా, వయ్యాదొలిద్, గ్రనాడా వంటి చోట్లను ముందు పెట్టుకోవాలి. గ్రనాడాలో మాట చివరి ధ్వనులను మింగేస్తారు, మొదటి నెల చెవికి పరీక్షగానే ఉంటుంది. ఇటాలియన్ చదివేవారు అక్కడి పరీక్షలు చాలావరకు మౌఖికంగా జరుగుతాయని గుర్తుంచుకుని, నోటితో వాదించే అభ్యాసం చేసి వెళ్లాలి. పెరూజా, సియెనాలలో విదేశీయుల కోసమే విశ్వవిద్యాలయాలున్నాయి. పునాది గట్టిపరచుకోవడానికి అవి మంచివి, కానీ పక్కన కూర్చునేవారు కూడా విదేశీయులే అన్నది మరవరాదు. పోర్చుగీసుకు కోయింబ్రా, లిస్బన్ ఉండనే ఉన్నాయి.

ఇంగ్లీషు సాహిత్యం చదివేవారికి ఐరోపా సమాఖ్యలో సహజమైన ఎంపిక ఐర్లాండ్. అది షెంగెన్‌లో (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల కూటమిలో) లేదు కనుక దాని వీసా వేరు, ఆ వీసాతో ఫ్రాన్స్, జర్మనీ తిరగడం కుదరదు. నెదర్లాండ్స్, స్వీడన్, డెన్మార్క్‌లలో ఇంగ్లీషుతో జీవితం సాఫీగా గడిచిపోతుంది, సరిగ్గా ఆ కారణం చేతనే ఇతర భాషా విద్యార్థులు అటు చూడనవసరం లేదు.

చాలామంది చివరికి వదిలేసేది, అసలు ముందే చూడవలసింది, క్యాలెండర్. మన దగ్గర సెమిస్టర్ జూలై, ఆగస్టుల్లో మొదలై నవంబరు, డిసెంబరుల్లో ముగుస్తుంది, తరువాతిది జనవరిలో మొదలవుతుంది. జర్మనీలో శీతాకాల సెమిస్టర్ అక్టోబరు నుంచి మార్చి వరకు, తరగతులు అక్టోబరు మధ్య నుంచి ఫిబ్రవరి వరకు. వేసవి సెమిస్టర్ ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు, తరగతులు జూలైతో ముగుస్తాయి. అంటే జర్మనీలో ఏ సెమిస్టర్‌కు వెళ్లినా ఇక్కడ ఒక దాని బదులు రెండు సెమిస్టర్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. పూర్తి సంవత్సరం వెళితే ఆ చిక్కు తీరుతుంది. ఫ్రాన్స్, స్పెయిన్‌లలో సెప్టెంబరులో మొదలై డిసెంబరు, జనవరికల్లా ముగుస్తుంది కనుక ఒక్క సెమిస్టర్ మాత్రమే వెళ్లగలిగినవారికి అవే అనువు. అక్కడ ఒక సెమిస్టర్‌కు 30 ఈసీటీఎస్ (ఐరోపా ఉమ్మడి క్రెడిట్ విధానం) క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల శ్రమ అన్నది ప్రమాణం. వాటిలో ఎన్నిటిని, ఏ కోర్సులకు బదులుగా మన విశ్వవిద్యాలయం ఒప్పుకుంటుందో లెర్నింగ్ అగ్రిమెంట్‌లో రాయించి, విద్యార్థి, ఇక్కడి విశ్వవిద్యాలయం, అక్కడి విశ్వవిద్యాలయం ముగ్గురి సంతకాలూ పడ్డాకే విమానం టికెట్ కొనాలి. విభాగాధిపతి నోటిమాటగా ‘చూద్దాంలే’ అంటే అది అంగీకారం కాదు.

డబ్బు విషయంలో నెల ఖర్చు ఎంత అన్నదానికంటే, వీసా కోసం ఎంత సొమ్మును ఏ రూపంలో చూపాలి అన్నదే మన ఇళ్లకు పెద్ద ప్రశ్న. జర్మనీ విద్యార్థి వీసాకు 2024 సెప్టెంబరు నుంచి ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 యూరోలు, బ్లాక్డ్ అకౌంట్‌లో (నెలకు కొంత చొప్పున మాత్రమే తీసుకోగల బ్యాంకు ఖాతాలో) ముందే వేసి చూపే పద్ధతి ఉంది. యూరోకు వంద రూపాయల లెక్కన అది దాదాపు పన్నెండు లక్షలు, ఒక సెమిస్టర్‌కే అనుకున్నా ఆరు లక్షలు. పలాసలో జీడిపప్పు మీదనో, రాజాంలో జనపనార మీదనో ఏడాదికొకసారి చేతికి వచ్చే ఆదాయంతో నడిచే కుటుంబానికి అంత సొమ్మును ఒక్కసారిగా కదలకుండా ఉంచడం తేలిక కాదు. ఆ మొత్తానికి సరిపడా అధికారిక విద్యార్థి వేతనం వస్తే ఆ పత్రమే చాలు. ఫ్రాన్స్ నెలకు 615 యూరోల ఆధారం అడుగుతుంది. ఇది చాలామందికి అందుబాటులో ఉంటుంది, అయితే పారిస్‌లో ఆ సొమ్ముతో బతకడం కష్టమని ముందే చెప్పుకోవాలి. విద్యార్థులు ఫ్రాన్స్‌లో ఏడాదికి 964 గంటలు, జర్మనీలో 140 పూర్తి రోజులు పని చేసుకోవచ్చు. కానీ ఒక్క సెమిస్టర్‌కు వెళ్లేవారు పని దొరికి జీతం చేతికొచ్చేసరికి తిరుగు ప్రయాణం దగ్గరపడుతుంది కనుక, ఆ ఆదాయాన్ని బడ్జెట్‌లో వేసుకోవద్దు.

90 రోజులు మించి ఉండేవారికి ఆ దేశపు దీర్ఘకాలిక వీసా అవసరం. అది చేతిలో ఉంటే 29 షెంగెన్ దేశాల్లో మిగిలిన వాటిలోనూ ప్రతి 180 రోజుల్లో 90 రోజుల వరకు తిరగవచ్చు కాబట్టి, చూడాలన్న కోరికతో ఖరీదైన దేశాన్ని ఎంచుకోనక్కరలేదు. స్పెయిన్ 180 రోజులు మించిన బసకు పోలీస్ క్లియరెన్స్ కూడా అడుగుతుంది, ఒక్క సెమిస్టర్ అయితే ఆ బాధ తప్పుతుంది. పాస్‌పోర్ట్ పని విశాఖ ప్రాంతీయ కార్యాలయం పరిధిలో తెమిలిపోతుంది కానీ, వీసా అపాయింట్‌మెంట్ కోసం ఆమదాలవలసలోనో విజయనగరంలోనో రైలెక్కి హైదరాబాద్ వరకు పోవలసి రావచ్చు. దరఖాస్తు ఎక్కడ తీసుకుంటారో, వేచి ఉండే కాలం ఎంతో దేశం దేశానికీ మారుతుంది కనుక, ప్రాధాన్యాలు రాసే ముందే చూసుకోవడం మంచిది.

ఇవన్నీ పరిశీలించాక దరఖాస్తులో పేర్లు రాసేటప్పుడు, తరగతులు మీ భాషలో ఉండి, క్యాలెండర్ సరిపోయి, ఖర్చు భరించగలిగే మధ్యస్థాయి పట్టణాన్ని మొదట రాయండి. అందరూ కోరుకునే రాజధానిని రెండో స్థానంలో రాయవచ్చు. మూడో స్థానంలో పేరు కోసం ఏదో ఒకటి నింపకుండా, సీటు అక్కడే వచ్చినా వెళ్లగలనన్న ఊరినే రాయాలి, ఎందుకంటే పోటీ తక్కువగా ఉండే ఆ మూడో ఊరికే ఎంపికయ్యే వీలు ఎక్కువ.