పాత కంప్యూటర్‌లో డీవీడీ సినిమా – 4వ పాఠం: ఆగి ఆగి నడుస్తుంటే తప్పు డిస్కుదా, డ్రైవుదా?

గత పాఠంలో విండోస్ ఎక్స్‌పీ కంప్యూటర్‌లో వీఎల్‌సీ 3.0 అనే సినిమా ప్లేయరు వేసుకున్నాం. డిస్కులోని సినిమాను విప్పి చూపే డీకోడర్ ఎక్స్‌పీకి సొంతంగా లేదు కాబట్టి అది తప్పలేదు. ఈసారి అంతకన్నా చికాకు పెట్టే సమస్య. సినిమా మొదలవుతుంది గానీ బొమ్మ తడబడుతుంది, మాట తెగిపోతుంది.

టపాలో వచ్చిన అద్దె డిస్కయితే చాలామంది వెంటనే కవరులో పెట్టి తిప్పి పంపేస్తారు. మారుగా వచ్చిన డిస్కూ అలాగే ఆడుతుంది. అమెరికాలో నెట్‌ఫ్లిక్స్ ఎర్ర కవర్లలో డిస్కులు పంపడం 2023 సెప్టెంబరు 29తో ఆగిపోయినా, సియాటిల్‌లోని స్కేర్‌క్రో వీడియో అనే అద్దె దుకాణం లాంటి చోట్ల నుంచి టపా అద్దె ఇంకా నడుస్తోంది. డిస్కు వెళ్లి, మరొకటి రావడానికి రోజులు పడతాయి. అందుకే ముందు ఓ పది నిమిషాలు పరీక్షించండి.

మొదట డిస్కును దీపానికి ఎదురుగా పట్టుకుని నడిమి రంధ్రం చుట్టూ చూడండి. కవరులో వంగిన డిస్కుకు పగులు అక్కడే మొదలవుతుంది. వెంట్రుకంత పగులు కనిపించినా డ్రైవులో పెట్టకండి. 16 ఎక్స్ (మామూలుకు 16 రెట్ల వేగం గల) డ్రైవు పూర్తి వేగంలో డిస్కును నిమిషానికి పదివేల చుట్లకు దగ్గరగా తిప్పుతుంది. ఆ వేగంలో పగులు పెరిగి డిస్కు ముక్కలైతే డ్రైవు కూడా పోయినట్టే.

పగులు లేకపోతే గోరువెచ్చని నీళ్లలో ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి కడగండి. మెత్తటి నూలు గుడ్డతో నడిమి నుంచి అంచుకు తిన్నగా తుడవండి. గుండ్రంగా మాత్రం తుడవకూడదు. సమాచారం డిస్కు మీద చుట్లు చుట్లుగా ఉంటుంది. అడ్డంగా పడిన గీత ఒక్కో చుట్టులో కొంచెమే చెరుపుతుంది, దాన్ని డ్రైవు సరిదిద్దుకోగలదు. చుట్టు వెంబడే పడిన గీత మాత్రం వరసగా చాలా సమాచారాన్ని మింగేస్తుంది. అద్దె డిస్కుకు టూత్‌పేస్టులు, పాలిష్‌లు పట్టించకండి, అది మీ సొత్తు కాదు.

ఇప్పుడు సినిమా పెట్టి, ఆగిన చోటల్లా నిమిషం, సెకను రాసుకోండి. రెండోసారి కూడా సరిగ్గా అక్కడే ఆగితే తప్పు డిస్కుదే, నిస్సందేహంగా తిప్పి పంపండి. సినిమా మధ్యలో ఎక్కడో ఒక్కసారి, అర సెకనుపాటు నిలిస్తే అది లోపం కాదు. రెండు పొరల డిస్కులో లేజరు మొదటి పొర ముగించి రెండోదానికి మారే క్షణం అది. అసలు మొదలే కాకుండా రీజియన్ (డిస్కు ఏ దేశాల్లో ఆడాలో చెప్పే అంకె) తప్పని సందేశం వస్తే అది మరో కథ. అమెరికా రీజియన్ 1, ఇండియా 5. డ్రైవులో రీజియన్‌ను 5 సార్లే మార్చనిస్తారు, తర్వాత అలాగే బిగిసిపోతుంది. ఊరి నుంచి తెచ్చిన డిస్కు కోసం తొందరపడి మార్చకండి, కవరు వెనక ముందు చూడండి. అన్ని రీజియన్లకూ పనికొచ్చే డిస్కయితే మార్చే పనే లేదు.

ఆగే చోటు ప్రతిసారీ మారుతుంటే, ఏ డిస్కు పెట్టినా అంతే అయితే, తప్పు కంప్యూటర్‌లో ఉంది. సినిమా నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ పలకలో, వ్యూ మెనూ నుంచి ‘షో కెర్నల్ టైమ్స్’ పెట్టండి. పచ్చ గీతతో పాటు, విండోస్ లోపలి పనిని చూపే ఎర్ర గీత వస్తుంది. పచ్చ పైన, ఎర్ర కింద ఉంటే ప్రాసెసరు బొమ్మ విప్పడంలోనే అలిసిపోతోందని అర్థం. మిగతా ప్రోగ్రాములు మూసేయండి. ఎర్ర గీత కూడా పైకెక్కి ఉంటే డ్రైవు చాలావరకు పీఐఓ మోడ్ అనే పాత పద్ధతిలోకి పడిపోయి ఉంటుంది.

ఇక్కడ కాస్త నిలబడి అర్థం చేసుకోవాలి. డీవీడీ సినిమాకు సెకనుకు గరిష్ఠంగా 1.26 మెగాబైట్లు చాలు. పీఐఓ 4 మోడ్ కాగితం మీద 16.6 మెగాబైట్లు ఇస్తుంది. కొరత వేగంలో లేదు. మామూలుగా డ్రైవు వాడే డీఎంఏ పద్ధతిలో సమాచారం నేరుగా మెమరీలోకి వెళ్తుంది. పీఐఓలో ప్రతి ముక్కనూ ప్రాసెసరే స్వయంగా మోయాలి. మోత మోస్తూ బొమ్మ విప్పడం పాత ప్రాసెసరు వల్ల కాదు.

ఎందుకు పడిపోయింది? ఎక్స్‌పీ ఒక డ్రైవు నుంచి వచ్చే తప్పుల్ని లెక్కపెడుతుంది. టైమ్‌అవుట్ (జవాబు వేళకు రాకపోవడం), సీఆర్‌సీ (సమాచారం చెడి చేరడం) తప్పులు మొత్తం ఆరు చేరగానే డ్రైవు మోడ్‌ను ఒక మెట్టు దించుతుంది. అలా దించుతూ చివరికి పీఐఓకి తెస్తుంది. తనంతట తాను తిరిగి పైకి ఎక్కించదు. అంటే పోయిన వారం వచ్చిన గీతల డిస్కు తెచ్చిన చేటును, ఈ వారం వచ్చిన శుభ్రమైన డిస్కు అనుభవిస్తోంది. మంచి డిస్కుల్ని తిప్పి పంపేది ఇందుకే.

సరిచేసే పద్ధతి ఇది. మై కంప్యూటర్ మీద రైట్ క్లిక్, ప్రాపర్టీస్, హార్డ్‌వేర్, డివైస్ మేనేజర్. అందులో, డ్రైవులను మదర్‌బోర్డుకు కలిపే ఐడీఈ కంట్రోలర్స్ కింద ‘సెకండరీ ఐడీఈ ఛానల్’ తెరిచి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్ చూడండి. ‘కరెంట్ ట్రాన్స్‌ఫర్ మోడ్’ దగ్గర పీఐఓ అని ఉందా? ఉంటే ఆ ఛానల్ మీద రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయండి. విండోస్ దాన్ని కొత్తగా గుర్తించి మళ్లీ డీఎంఏ పెడుతుంది, పాత తప్పుల లెక్క చెరిగిపోతుంది. మామూలుగా హార్డ్ డిస్కు ప్రైమరీ మీద ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోకండి.

మంచి డిస్కులే వాడుతున్నా మళ్లీ పీఐఓకి జారితే కేబుల్‌ను అనుమానించండి. కంప్యూటర్ ఆపి, ప్లగ్ పీకి, పెట్టె విప్పండి. కేబుల్ పదునైన అంచుకు నలిగిందేమో, 45 సెంటీమీటర్లకు మించి పొడవుందేమో చూసి, 80 తీగలది కొత్తది వేయండి. నీలం కొస మదర్‌బోర్డుకు, నల్ల కొస డ్రైవుకు. డ్రైవు ఒక్కటే ఉంటే దాన్ని మధ్యనున్న బూడిదరంగు దానికి తగిలించకండి.

వచ్చే పాఠానికి ముందు ఒక పని చేయండి. మీ డ్రైవు ఏ మోడ్‌లో ఉందో ఈ రోజు, మరో మూడు సినిమాల తర్వాత ఇంకోసారి రాసిపెట్టుకోండి. కంప్యూటర్ వేసినప్పుడల్లా తేదీ పాతదానికి వెళ్తుంటే అదీ రాయండి. తేదీని నిలిపి ఉంచే సీఆర్2032 బ్యాటరీ మార్చడం 5వ పాఠంలో.