చలికాలంలో మన్యానికి వెళ్లే ముందు

నవంబరు నుంచి జనవరి దాకా అరకు, లంబసింగి, వంజంగి దారులు కిటకిటలాడతాయి. కొండ మీద కాఫీ పండ్ల కోత కూడా అప్పుడే. ఊరంతా పనిలో ఉన్న వేళ మనం వెళ్తున్నామన్నమాట.

ముందు ఘాట్ రోడ్డు సంగతి. తెల్లవారేసరికి వంజంగి కొండ మీద మేఘాలు చూడాలని అర్ధరాత్రి విశాఖలో కారెక్కడం అన్నిటికన్నా ప్రమాదం. నిద్రమత్తు, పొగమంచు, మలుపులు మూడూ ఒక్కచోటే ఎదురవుతాయి. ముందురోజు పగలే దగ్గర్లోని పాడేరు చేరి పడుకోండి. మంచులో హైబీమ్ వేస్తే వెలుగు తిరిగి కళ్లలోకే కొడుతుంది, లోబీమ్‌తోనే వెళ్లండి. దిగేటప్పుడు ఒకటో రెండో గేరులో దిగాలి. న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకు నొక్కుతూ పోతే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. కాలిన వాసన వస్తే వెడల్పున్న చోట ఆపి చల్లారనివ్వండి, నీళ్లు పోయకండి. ఎక్కే బండికి దారి వదలండి.

టెంటులోగానీ, తలుపులు మూసిన గదిలోగానీ బొగ్గుల కుంపటి వద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. చలిమంట బయటే, అదీ ఊరివాళ్లు చూపిన చోటే. పడుకునే ముందు నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి చూడండి.

అరకు దగ్గరి చాపరాయి వాగులో నీళ్లు లోతు లేనట్టే కనిపిస్తాయి. నాచు పట్టిన బండ మీద కాలు జారితే ప్రవాహం లాక్కుపోతుంది. మందు తాగి దిగేవాళ్లకు ఎంత చెప్పినా దండగే.

పసుపు పచ్చని వలిసె పూలు ఫొటో కోసం వేసినవి కావు, నూనెగింజల పంట. తొక్కిన మొక్క గింజ కట్టదు. రైతు రుసుము అడిగితే ఇచ్చి, ఆయన చూపిన బాటలోనే నిలబడండి. కాఫీ పండ్లు తెంపకండి. ఊటనీళ్ల దగ్గర సబ్బు వాడకండి, కింద ఊరు తాగేది అవే. ఊరి దేవత ఉన్న చెట్టు దగ్గరికి అడగకుండా వెళ్లకండి. గిరిజన నృత్యం థింసా ఆడించుకుంటే ముందే మాట్లాడుకుని, డబ్బు బృందం చేతికే ఇవ్వండి.

బస ఎవరిదో కనుక్కోండి. గిరిజన ప్రాంతాల భూమికి వర్తించే 1/70 చట్టం కింద ఇక్కడి భూమి గిరిజనేతరుల పేరిట మారకూడదు. బినామీ రిసార్టుకు కట్టే అద్దెలో ఊరికి దక్కేది కూలి మాత్రమే.

తిరుగు ప్రయాణంలో ఎవరైనా "ఈ సంచి విశాఖలో ఇచ్చేయండి" అంటే తీసుకోవద్దు. గంజాయి తనిఖీలో దొరికితే కేసు మీ మీదే. ఇంటికొచ్చాక కొన్ని వారాలకైనా, నెలలకైనా జ్వరం వస్తే, మన్యం వెళ్లొచ్చామని చెప్పి మలేరియా పరీక్ష చేయించుకోండి.